కాగితాలు చెప్పని సంగతులు

ఒక విమానం ఎట్లా తయారయిందో తెలుసుకోవాలంటే దాని పటాలు చూస్తే సరిపోతుందని మీరు అనుకోవచ్చు. రెక్క పొడవెంతో, రేకు మందమెంతో పటంలో ఉంటుంది. కాని, "రేకు ఇంకొంచెం మందంగా ఎందుకు వేయలేదు?" అని అడిగితే పటం జవాబు చెప్పదు. ఆ జవాబు పటం గీసిన మనిషికే తెలుసు.

రెండవ ప్రపంచయుద్ధం 1945లో ముగిసింది. ఆ తరవాత ఇరవై ఏళ్ళలో బ్రిటన్‌లో ఎన్నో కొత్తరకం విమానాలు పుట్టాయి. అప్పటి ఇంజనీర్లు పెద్ద పెద్ద హాళ్ళలో వరసగా బల్లలు వేసుకుని, పెన్సిలుతో పటాలు గీసేవారు. స్లైడ్ రూల్ అనే జరిపే బద్దతో లెక్కలు కట్టేవారు.

వారు చేసిన వాటిలో కామెట్ ఒకటి. ప్రపంచంలో ప్రయాణికుల కోసం తయారైన మొదటి జెట్ విమానం అదే. 1949లో మొదటిసారి ఎగిరింది. 1952లో ప్రయాణికులను ఎక్కించుకున్నది. కాని 1954లో రెండు కామెట్లు ఆకాశంలోనే విచ్చిపోయి, ఇటలీ దగ్గర సముద్రంలో పడ్డాయి. వాటిలో ఉన్నవారంతా చనిపోయారు.

కారణం ఎట్లా కనిపెట్టారో తెలుసా? ఫార్న్‌బరోలో ఒక పెద్ద నీళ్ళతొట్టి కట్టి, ఒక కామెట్‌ను అందులో ఉంచారు. విమానం లోపలికి నీరు ఎక్కిస్తూ, తీస్తూ వచ్చారు. విమానం పైకి ఎగిరి దిగినప్పుడల్లా దాని రేకు ఎంత ఒత్తిడికి లోనవుతుందో, తొట్టిలోనూ అంతే అయింది. గాలితో ఇట్లా చేస్తే విమానం బాంబులాగా పేలిపోయేది. నీటితో అయితే పగులు ఎక్కడ మొదలయిందో చూడవచ్చు. చివరకు రేకు పగిలింది! తీగను అటూ ఇటూ పదే పదే వంచితే తెగిపోతుంది చూడండి, అట్లాగే లోహం కూడా అలిసిపోతుందన్నమాట.

మరొక విమానం కథ వినండి. టి.ఎస్.ఆర్-2 అనే యుద్ధవిమానం 1964లో ఎగిరింది. ఖర్చు ఎక్కువవుతున్నదని 1965 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆ పని ఆపించింది. విమాన భాగాలను బిగించే చట్రాలను కూడా ముక్కలు చేశారు. గాలిలోకి లేచిన విమానం ఒక్కటే. అది కూడా మిగలలేదు. ఎన్నడూ ఎగరని రెండు విమానాలు మాత్రం మ్యూజియంలలో ఉన్నాయి. మిగతాది ఎక్కడ ఉన్నది? పనిచేసినవారి జ్ఞాపకాలలో.

వారంతా ముసలివారయ్యారు, చాలామంది పోయారు. అందుకని లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ 2009లో ఒక పని మొదలుపెట్టింది. శాస్త్రజ్ఞులనూ, ఇంజనీర్లనూ కూర్చోబెట్టి, గంటల తరబడి మాట్లాడించి, వారి గొంతులను భద్రపరచింది. గెలిచిన సంగతులే కాదు, తప్పిపోయిన లెక్కలు, అధికారులతో పడిన తగాదాలు కూడా అడిగితేనే కథ పూర్తి అవుతుంది. జ్ఞాపకం ఒక్కొక్కసారి పొరపడుతుంది. కనుక విన్నదాన్ని పాత కాగితాలతో సరిచూడాలి.

ఈ కథలో మనకూ భాగం ఉన్నది. పెటర్ అనే బ్రిటిష్ ఇంజనీరు నాట్ అనే బుల్లి యుద్ధవిమానాన్ని రూపొందించాడు. దాన్ని బెంగుళూరులో మనవారు తయారుచేశారు. 1965 యుద్ధంలో అది పేరు తెచ్చుకున్నది. తరవాత మన ఇంజనీర్లు దాన్ని మార్చి "అజీత్" చేశారు.

మీ ఇంట్లోనో, వీధిలోనో మిల్లులోనో, రైల్వేలోనో, ఆనకట్ట మీదనో పనిచేసిన తాతగారు ఉండవచ్చు. "మీరేం చేశారు?" అని అడిగి ఊరుకోకండి. "అట్లాగే ఎందుకు చేశారు?" అని కూడా అడగండి. చెప్పినది తేదీ వేసి రాసుకోండి. రేపు అడుగుదాములే అని వాయిదా వెయ్యకండి.