భూగర్భ కేబుళ్లు - దోషాన్వేషణ

స్తంభాలపై సాగే విద్యుత్ తీగ గాలివానకు తెగిపడితే ఆ చోటును బాటసారి కూడా చూపగలడు. భూమిలో పరచిన కేబుల్ అలా కాదు. అది గాలివానకు చలించదు కాని, ఒకసారి చెడితే ఎక్కడ చెడిందో పైకి తెలియనీయదు. కిలోమీటర్ల పొడవునా రోడ్డు తవ్వి వెదకేలోగా ఆసుపత్రులు, నీటి పంపులు, ఇళ్లు విద్యుత్తు లేక అవస్థపడతాయి. కాబట్టి తవ్వకముందే దోషస్థానాన్ని నిర్ణయించే పద్ధతులు అవసరమయ్యాయి.

కేబుల్ లోపల రాగి లేదా అల్యూమినియం వాహకం, దానిచుట్టూ విద్యుత్తును బయటకు పోనీయని బంధకం ఉంటాయి. గునపం పోటు, అతుకులలోని లోపం, లోనికి చేరిన తేమ దానికి హాని చేస్తాయి. వాహకం తెగడం, రెండు వాహకాలు కలియడం, బంధకం చెడి విద్యుత్తు భూమిలోకి ప్రవహించడం ముఖ్యమైన దోషాలు. పరీక్షకు ముందు సరఫరా ఆపి, కేబుల్‌ను ఎర్త్‌కు కలపాలి. సరఫరా ఆగినా అందులో నిలిచిన విద్యుదావేశం ప్రాణాంతకం కాగలదు.

దోషస్థానాన్ని లెక్కించే పాత పద్ధతులలో ముఖ్యమైనది ముర్రే లూప్ పరీక్ష. 1833లో క్రిస్టీ రూపొందించగా 1843లో వీట్‌స్టన్ ప్రచారంలోకి తెచ్చిన 'వీట్‌స్టన్ బ్రిడ్జి' దీనికి మూలం. ఒకే మందం గల తీగలో నిరోధం పొడవును బట్టి పెరుగుతుందన్నది సూత్రం. చెడిన వాహకాన్ని ఆవలి కొనలో మంచి వాహకంతో కలుపుతారు. ఒక్కొక్కటి 1,000 మీటర్లయితే మొత్తం 2,000 మీటర్లు. దోషానికి ఇరువైపుల నిరోధాలు 3:7 నిష్పత్తిలో ఉన్నట్లు బ్రిడ్జి చూపితే, చెడిన వాహకం వెంట 600 మీటర్ల దూరంలో దోషం ఉన్నట్లు.

మరొక పద్ధతి ప్రతిధ్వనిని పోలినది. కేబుల్‌లోకి పంపిన విద్యుత్ స్పందన దోషాన్ని తాకి వెనుదిరుగుతుంది. అది మైక్రోసెకనుకు 160 మీటర్ల వేగంతో సాగి, 5 మైక్రోసెకన్లలో తిరిగి వస్తే రాకపోకల దూరం 800 మీటర్లు. దోషం 400 మీటర్ల వద్ద ఉంది. తెగిన చోట స్పందన అదే రూపంలో, కలిసిన చోట తలకిందులై తిరిగి వస్తుంది. అందువల్ల దోషమెక్కడో కాక, ఎటువంటిదో కూడా తెలుస్తుంది.

అయినా లెక్క తేల్చిన దూరం కేబుల్ వెంట కొలిచినదే. భూమిలో కేబుల్ వంకరలు తిరుగుతుంది. అతుకుల వద్ద కొంత అదనంగా చుట్టి ఉంటుంది. అందుచేత కచ్చితమైన చోటును నేలపై మళ్లీ గుర్తించాలి. కెపాసిటర్‌లో నిల్వచేసిన అధిక వోల్టేజిని కేబుల్‌లోకి ఒక్కసారిగా వదిలితే దోషం వద్ద విద్యుత్ మెరుపు, 'ధబ్' మనే శబ్దం పుడతాయి. నేలపై ఉంచిన గ్రాహకం అయస్కాంత సంకేతాన్ని వెంటనే, శబ్దాన్ని కాస్త ఆలస్యంగా అందుకొంటుంది. ఆ వ్యవధి ఎక్కడ అతి తక్కువగా ఉంటుందో అక్కడే తవ్వాలి. ఈ తాకిడి పదేపదే ఇస్తే మంచి భాగంలోని బంధకమూ బలహీనపడుతుంది. కనుక ముందుగా దూరాన్ని లెక్కగట్టి, ఆ పరిసరాలలోనే దీనిని మితంగా వాడాలి.

గోతిలో అనేక కేబుళ్లు కనిపించవచ్చు. చెడినదేదో గుర్తించి, అందులో విద్యుత్తు లేదని మరల నిర్ధారించిన పిదపనే కోత పెట్టాలి. తొందరపాటుకు మూల్యం ఒక నిండు ప్రాణం కావచ్చు. వీథిదీపం తిరిగి వెలగడం వెనుక ఇంతటి గణితం, ఇంతటి ఓర్పు ఉన్నాయి.