ఇంట్లో కాక్‌పిట్: మీటకూ దీపానికీ మధ్య సాఫ్ట్‌వేర్

హోసూరు నుంచి తళి వెళ్ళే దారిలో బెళగొండపల్లి విమానాశ్రయం మీలో చాలామందికి తెలిసిందే. తనేజా ఏరోస్పేస్ సంస్థకు చెందిన ఈ చోట 7000 అడుగులకు పైబడిన రన్‌వే ఉంది. ఇటలీ వారి పార్టనావియా పి-68 అనే రెండు ఇంజన్ల చిన్న విమానాన్ని 1990ల్లో ఇక్కడే తయారుచేశారు. 2024 జూన్‌లో తమిళనాడు ప్రభుత్వం హోసూరులో అంతర్జాతీయ విమానాశ్రయం కడతామని శాసనసభలో ప్రకటించింది. అందువల్ల మన పిల్లలకు విమానాల మీద మోజు కలగడం సహజమే. కంప్యూటర్‌లో విమానం నడిపే ఫ్లైట్ సిమ్యులేటర్‌తో మొదలుపెట్టి, కొందరు ఇంట్లోనే కాక్‌పిట్ కట్టుకోవాలనుకుంటారు. దానికి కావలసిన అదనపు సాఫ్ట్‌వేర్ గురించి ఈవేళ తెలుసుకుందాం.

నేల మీద కూర్చుని విమానం నేర్చుకోవడం కొత్త సంగతి కాదు. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే ఆయన 1929లో తన మొదటి శిక్షణ యంత్రం తయారుచేశాడు. ఆయన తండ్రిది ఆర్గాన్ వాద్యాల కర్మాగారం. ఆ వాద్యాల్లో గాలి నింపే తిత్తులనే లింక్ తన యంత్రాన్ని అటూ ఇటూ వంచడానికి వాడుకున్నాడు. 1982లో మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ వచ్చాక ఈ విద్య ఇళ్ళలోకి వచ్చింది.

అయితే ఒక చిక్కు ఉంది. కంప్యూటర్‌లో జి అక్షరం నొక్కితే చక్రాలు దిగుతాయి. నిజమైన కాక్‌పిట్‌లో అక్షరాలుండవు. మీటలు, తిప్పుడు గుండీలు, దీపాలు ఉంటాయి. మీరు చెక్కతోనో రేకుతోనో పలక చేసి మీట బిగించినా, సిమ్యులేటర్‌కు ఆ మీట సంగతి తెలియదు. ఇద్దరి భాషా తెలిసిన దుబాసీ ఒకడు మధ్యలో ఉండాలి. తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపించే మన సంతలో దుబాసీ విలువ మీకు వేరే చెప్పనక్కరలేదు.

పీట్ డౌసన్ రూపొందించిన ఎఫ్.ఎస్.యు.ఐ.పి.సి. అలాంటి దుబాసీయే. విమానానికి సంబంధించిన ఒక్కొక్క వివరానికి అది ఒక్కొక్క చిరునామా ఇస్తుంది. ఉదాహరణకు ఎత్తు చూపే మీటరులో పెట్టే వాయుపీడనం 0330 అనే చిరునామాలో ఉంటుంది. మిల్లీబార్లను 16తో హెచ్చించి అక్కడ రాస్తారు. 1013 మిల్లీబార్లయితే 16208 అన్నమాట. మీరు గుండీ తిప్పితే ఆ అంకె మారుతుంది, తెర మీది మీటరు కూడా మారుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. చక్రాల మీట ఒక చిరునామా, చక్రాలు నిజంగా ఎక్కడున్నాయన్నది మరొక చిరునామా. రెండింటిలోనూ 0 అంటే పైన, 16383 అంటే పూర్తిగా కింద. కొత్తవాళ్ళు ఆకుపచ్చ దీపాన్ని మీటకే కలిపేస్తారు. మీట దించగానే దీపం వెలుగుతుంది, చూడటానికి బాగానే ఉంటుంది. కాని అది తప్పు. మీట మన కోరిక మాత్రమే. దీపం జరిగిన పనికి సాక్ష్యం. చక్రం దిగి 16383కు చేరినప్పుడే దీపం వెలగాలి.

ఇంత చిన్న దీపానికి ఇంత పట్టింపు ఎందుకని మీరడగవచ్చు. 1972 డిసెంబరు 29న అమెరికాలో ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 401 విమానంలో ముందు చక్రం దీపం వెలగలేదు. బల్బు మాడిపోయింది, అంతే. సిబ్బంది అందరూ ఆ దీపం మీదే దృష్టి పెట్టారు. ఈలోగా విమానం మెల్లగా కిందికి దిగుతున్న సంగతి ఎవరూ గమనించలేదు. ఆ ప్రమాదంలో 101 మంది చనిపోయారు. దీపం చెప్పేది వినాలి, ఒక్క దీపమే లోకం కాదనీ తెలియాలి. ఇంటి కాక్‌పిట్ నేర్పగల మంచి పాఠం ఇదే.

మొదలుపెట్టేవారికి ఒక సలహా. ఒకేసారి పెద్ద ఖర్చుకు దిగకండి. ఒక ఆర్డుయినో బోర్డు, ఒక స్విచ్చి, ఒక చిన్న ఎల్.ఇ.డి. దీపం, దానికి తగిన రెసిస్టరు చాలు. మోబీఫ్లైట్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ఆ ఒక్క స్విచ్చి, ఆ ఒక్క దీపం సరిగా పనిచేశాకే రెండో దానికి వెళ్ళండి. బోర్డు పనిచేసేది 5 వోల్టుల మీద. ఇంటి కరెంటు తీగను దాని దగ్గరికి రానివ్వకండి. పలకలు కోయడానికి, రంధ్రాలు వేయడానికి హోసూరు వర్క్‌షాపుల్లో పనివారికి కొదవ లేదు.

తల్లిదండ్రులకు ఒక మాట. మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటలు విమానం నడిపి ఉండాలి. ఇంట్లో కట్టుకున్న కాక్‌పిట్‌లో గడిపిన గంటలు ఆ లెక్కలోకి రావు. కాలేజీ ఫీజు డబ్బు దీని మీద పెట్టి, లైసెన్సు దగ్గరైందని భ్రమపడవద్దు. అయితే తీగలు కలపడం, అంకెలు చదవడం, తప్పు ఎక్కడుందో ఓపికగా వెతకడం మీ పిల్లలకు అలవడతాయి. పైలట్ అయినా కాకపోయినా, ఫ్యాక్టరీలున్న మన ఊళ్ళలో ఆ విద్య వృథా పోదు.