మేపుల్ సిరప్ కొంటున్నారా? రంగు కాదు, లేబుల్ చూడండి



అమెరికా, కెనడా నుంచి వచ్చే బంధువుల సూట్‌కేసులో చాక్లెట్లతో పాటు మేపుల్ సిరప్ సీసా కూడా ఉంటోంది. మన సూపర్ మార్కెట్లలోనూ దొరుకుతోంది. పాన్‌కేక్ మీద పోసుకుంటూ "ఇది దేనితో చేస్తారు?" అని మీ పిల్లలు అడిగితే ఏం చెబుతారు? అలాంటిదే మరో సీసా కొనాలంటే ఏం చూడాలి?

చెట్టు నుంచి సీసా దాకా

మేపుల్ సిరప్ అంటే చెట్టు రసాన్ని కాచి చేసిన పాకం. మన దగ్గర తాటి నీరాను గెల నుంచి తీస్తారు. మేపుల్ రసాన్ని మాత్రం చెట్టు కాండానికి చిన్న రంధ్రం చేసి తీస్తారు. అలా రంధ్రం చేసేంత లావు కావడానికి చెట్టుకు సుమారు 40 ఏళ్లు పడుతుంది. ప్రపంచంలో తయారయ్యే సిరప్‌లో దాదాపు 70 శాతం కెనడాలోని క్యూబెక్ రాష్ట్రానిదే.

చలికాలం చివర్లో, రాత్రి ఉష్ణోగ్రత సున్నా కంటే తగ్గి, పగలు సున్నా దాటే రోజుల్లో రసం బాగా కారుతుంది. ఏడాది మొత్తంలో ఈ పని కొన్ని వారాలే సాగుతుంది. తీసిన రసం నిల్వ ఉంటే పాడవుతుంది కాబట్టి వెంటనే కాచాలి. వసంతంలో మొగ్గలు విచ్చేసరికి రసం రుచి చెడుతుంది. అప్పుడు సేకరణ ఆపేయడమే మంచి తయారీదారు లక్షణం.

రసంలో చక్కెర సుమారు 2 శాతమే. దాన్ని 66 శాతానికి తేవాలి. పాకం మరిగే వేడి, నీరు మరిగే వేడి కంటే సుమారు 4 డిగ్రీలు పెరిగితే సిరప్ తయారైనట్టు. పలచనైతే బూజు పడుతుంది, చిక్కనైతే సీసా అడుగున పలుకులు కడుతుంది. అరిసెల పాకం పట్టే అమ్మమ్మలకు ఈ కష్టం బాగా తెలుసు!

రంగును చూసి మోసపోకండి

గ్రేడ్ ఏ సిరప్ నాలుగు రంగుల్లో అమ్ముతారు: గోల్డెన్, అంబర్, డార్క్, వెరీ డార్క్. లేత రంగుది మేలు రకం, ముదురుది నాసిరకం అనుకోవద్దు. సాధారణంగా సీజన్ మొదట్లో తీసిన రసం లేత రంగు, తేలిక రుచి ఇస్తుంది. చివర్లో తీసినది ముదురు రంగు, గాఢమైన రుచి ఇస్తుంది. నాలుగింటిలోనూ తీపి ఇంచుమించు సమానమే.

అసలు తేడా లేబుల్ మీద ఉంటుంది. ముందువైపు పెద్ద అక్షరాలు, ఆకు బొమ్మ చూసి ఆగకుండా వెనక్కి తిప్పి పదార్థాల జాబితా చదవండి. స్వచ్ఛమైనదైతే మేపుల్ సిరప్ అన్న ఒక్క పేరే ఉంటుంది. 'పాన్‌కేక్ సిరప్', 'మేపుల్ ఫ్లేవర్డ్' అని ఉన్నవి ఎక్కువగా కార్న్ సిరప్ లేదా చక్కెర పాకానికి రంగు, సువాసన కలిపినవే. వాటిని కొనడం తప్పు కాదు. కానీ అసలు సిరప్ ధర పెట్టి కొనడం నష్టమే.

ఎంత వాడాలి?

'చెట్టు నుంచి వచ్చింది కదా' అని ధారాళంగా పోయనివ్వకండి. ఒక టేబుల్ స్పూన్‌లో సుమారు 12 గ్రాముల చక్కెర ఉంటుంది. తేనె, బెల్లంలాగే దీన్నీ చక్కెర లెక్కలోనే వేయాలి. షుగర్ వ్యాధి ఉన్న తాతయ్య, నాయనమ్మలకు ఇది చక్కెరకు బదులు కాదు. సీసా మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టండి.

పిల్లలతో చేయించండి

తయారీదారులు ఒక సులువైన లెక్క వాడతారు. 86ను రసంలోని చక్కెర శాతంతో భాగిస్తే, ఒక లీటరు సిరప్‌కు ఎన్ని లీటర్ల రసం కావాలో సుమారుగా తెలుస్తుంది. 2 శాతమైతే 43 లీటర్లు. మరి 2.5 శాతమైతే? ఈ ఆదివారం టిఫిన్ దగ్గర మీ పిల్లల్ని అడగండి. జవాబు చెప్పాక, ఇంట్లో ఉన్న జామ్, సాస్, జ్యూస్ సీసాలు ఒక్కొక్కటీ వాళ్ల చేతికిచ్చి, వెనక లేబుల్ బిగ్గరగా చదివించండి.