లిటిల్‌ఫుట్ తెలుసు.. మరి మన ‘పెద్దకాలు’?

సిరోంచ: సెలవులొస్తే చాలు.. పిల్లలు టీవీ ముందు, తెరపై డైనోసార్లు! టి.రెక్స్, రాప్టర్ అంటూ నోరు తిరగని పేర్లు కూడా గడగడా చెప్పేస్తారు. ‘మరి సిరోంచ డైనోసార్ పేరేంటిరా?’ అని అడిగితే మాత్రం తెల్లమొహమే. ప్రాణహిత ఒడ్డున తరతరాలుగా ఉంటున్న తెలుగువాళ్ల కాళ్ల కింద ఉన్నది అసలు సిసలు జురాసిక్ నేల మరి!

ప్రాణం పోశారిలా..

1993లో వచ్చిన ‘జురాసిక్ పార్క్’ కోసం స్టాన్ విన్‌స్టన్ బృందం నిలువెత్తు టి.రెక్స్ యంత్రాన్ని తయారుచేసింది. వాన సన్నివేశంలో దాని చర్మం నీళ్లు పీల్చుకుని, బరువెక్కి వణికిపోయేది. పరుగులు తీసే దృశ్యాలను కంప్యూటర్‌పై సృష్టించారు. చిన్నారులకు అది కాస్త భయమే. వాళ్లకు 1988 నాటి ‘ది ల్యాండ్ బిఫోర్ టైమ్’ నయం. తల్లిని పోగొట్టుకున్న పొడుగు మెడ పిల్ల లిటిల్‌ఫుట్, నేస్తాలతో కలిసి పచ్చని లోయను వెతుక్కుంటూ పోయే కథ అది. డిస్నీ వాళ్లు 2000లో ‘డైనోసార్’ తీశారు. నిజమైన కొండలు, అడవులను చిత్రీకరించి, వాటి మధ్య కంప్యూటర్ జంతువులను నడిపించారు.

అంతా నిజం కాదు!

సినిమా పేరులో జురాసిక్ ఉన్నా టి.రెక్స్ ఆ కాలానిది కాదు. అది ఆ తర్వాతి క్రెటేషియస్ చివర్లో, ఉత్తర అమెరికాలో తిరిగింది. తెరపై మనిషెత్తు కనిపించే వెలాసిరాప్టర్ నిజానికి టర్కీ కోడంత ఉండేది, పైగా ఈకలు. డిస్నీ సినిమాలో డైనోసార్‌ను పెంచిన లీమర్లు ఆ రోజుల్లో లేనే లేవు.

మనది ‘బరాపాసారస్’

అసలు జురాసిక్ జీవి జాడ 1961లో సిరోంచ దగ్గరి పోచంపల్లి వద్ద బయటపడింది. సుమారు 300 ఎముకలు దొరికాయి. ఒక్క తొడ ఎముకే 1.7 మీటర్లు! బెంగాలీలో ‘బరా పా’ అంటే పెద్ద కాలు. అది రవీంద్రుడి శతజయంతి సంవత్సరం కావడంతో 1975లో ‘బరాపాసారస్ టాగోరీ’ అని పేరు పెట్టారు. లిటిల్‌ఫుట్‌లాగే ఇదీ పొడుగు మెడ శాకాహారి. వయసు సుమారు 18 కోట్ల ఏళ్లు. అంటే టి.రెక్స్ కాలానికి దీనికంటే మనమే దగ్గర! దీని అస్థిపంజరం కోల్‌కతాలోని భారత గణాంక సంస్థలో నిలబడి ఉంది.

ఈ రాతిపొరలకు శాస్త్రవేత్తలు పెట్టిన పేరు సిరోంచ తాలూకాలోని ‘కోట’ ఊరిదే. నది అవతల, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లిలో దొరికిన ‘కోటసారస్’కూ అదే పేరు. 44 అడుగుల దాని అస్థిపంజరాన్ని హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో చూడొచ్చు.

బరాపాసారస్‌వి పళ్లు దొరికాయి గానీ తల దొరకలేదు. దాని ముఖం ఎలా ఉండేదో ఎవరూ చూడలేదు. ఈసారి సినిమా అయిపోయాక పిల్లల చేతికి కాగితం, రంగులు ఇచ్చి చూడండి. మన పెద్దకాలుకు వాళ్లే ముఖం గీస్తారు.