మీకు తెలుసా? ఘాట్ రోడ్డు భయాన్ని గేరు తగ్గిస్తుంది
మల్యాల మండలం కొండగట్టు ఘాట్ రోడ్డు మీద 2018 సెప్టెంబరు 11న కిక్కిరిసిన ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. కొత్త బండికి ఆ కొండమీది అంజన్న గుడిలో పూజ చేయించి కొండ దిగుతుంటే ఆ ప్రమాదం గుర్తొచ్చి గుండె దడదడలాడిందా? అది పిరికితనం కానే కాదు. కానీ భయంతో అదేపనిగా బ్రేకు తొక్కిపెడితే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. దిగుడు మొదలవకముందే సెకండ్ గేరులోకి మారండి, ఇంజనే బండి వేగాన్ని అదుపులో ఉంచుతుంది. న్యూట్రల్‌లో అస్సలు వదలొద్దు. స్టీరింగు మీద పిడికిళ్లు బిగుసుకుంటే వేళ్లు కాస్త సడలించి, పీల్చినదానికన్నా నెమ్మదిగా ఊపిరి వదలండి. గుండె వేగం తగ్గుతుంది. అయినా వణుకు ఆగలేదా? మలుపు దాటాక రోడ్డు వెడల్పుగా ఉన్నచోట ఇండికేటర్ వేసి ఆపేయండి. వెనక హారన్ కొట్టేవాళ్లను ముందు పోనివ్వండి.