గిట్ రెడీ, సైట్లే లేటు: షా-256 కథేంటి?

పోయిన వారం ఓ సైడ్ ప్రాజెక్ట్ మొదలుపెట్టా. ఈసారి రిపోజిటరీని షా-1 బదులు షా-256 హాష్‌తో క్రియేట్ చేశా. ల్యాప్‌టాప్‌లో కమిట్లు, బ్రాంచ్‌లు అన్నీ బాగానే నడిచాయి. హోస్టింగ్ సైట్‌కి పుష్ కొట్టగానే ఎర్రర్! దానికి షా-1 తప్ప ఇంకోటి తెలీదు.

ఇంతకీ మార్చడం ఎందుకు? మనం రోజూ చూసే 40 అక్షరాల కమిట్ ఐడీయే షా-1 హాష్. ఫైల్‌లో ఒక్క అక్షరం మారినా అది మారిపోవాలి. కానీ 2017లో గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ రీసెర్చర్లు ఒకే షా-1 హాష్ వచ్చే రెండు వేర్వేరు పీడీఎఫ్‌లు చేసి చూపించారు. కమిట్‌కి మనం పెట్టే డిజిటల్ సంతకం కూడా లోపలి ఫైళ్లను ఈ హాష్‌తోనే గుర్తుపడుతుంది. హాష్‌ని నమ్మలేకపోతే సంతకాన్నీ నమ్మలేం.

కంగారేం లేదు. ఇలాంటి దాడిని పసిగట్టే కోడ్ అదే ఏడాది గిట్ 2.13లో వచ్చింది. కానీ అది తాత్కాలిక మరమ్మతే. 64 అక్షరాల ఐడీ ఇచ్చే షా-256 సపోర్ట్ 2020లో, గిట్ 2.29లో ప్రయోగాత్మకంగా మొదలైంది.

ఆలస్యమంతా ప్లాట్‌ఫామ్‌ల దగ్గరే. డేటాబేస్‌లు, లింకులు, సీఐ టూల్స్ చాలావరకు ఐడీ అంటే 40 అక్షరాలే అనుకుని రాసినవి. పైగా షా-1, షా-256 రిపోజిటరీల మధ్య పుష్, పుల్ కుదరవు. అయినా గిట్‌ల్యాబ్ 2023లో ప్రయోగాత్మకంగా, ఫోర్జేయో 2024లో షా-256కి తలుపు తెరిచాయి. 2030 చివరికల్లా షా-1ని వదిలేయాలని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఇప్పటికే చెప్పేసింది.

ఎర్రర్ వచ్చాక నా పాత స్క్రిప్ట్ తెరిచి చూశా. అందులోనూ 40 అనే రాసి ఉంది! మీ కోడ్‌లో కూడా ఓసారి వెతకండి.