పదును: ఎండిన పొగచుట్టను తిరిగి తేమకు తెచ్చే విధానం – కోస్తా వాతావరణ నేపథ్యం

తెలుగు రైతు భాషలో ‘పదును’ అనే మాటకు అర్థవ్యాప్తి విస్తృతం. దుక్కికి తగిన తడి ఉన్న నేల పదునులో ఉంటుంది. కొలిమిలో కాల్చి నీట ముంచిన ఇనుమూ పదునెక్కుతుంది. పొగాకు సీమలో ఈ మాట మరింత నిర్దిష్టమైనది. నలిపితే పొడి కాకుండా, పిండితే చేతికి తడి అంటకుండా ఆకు ఉన్న స్థితి అక్కడ పదును. చుట్టల నిల్వ గురించి పాశ్చాత్యులు రాసిన సూచనలలో అధికభాగం చల్లని గదిని ఊహించుకొని చెప్పినవి. నూజివీడు మామిడి సీమకు చేరువలోని కృష్ణా జిల్లా ఉంగుటూరు వంటి ఊళ్లలో వాటిని యథాతథంగా పాటిస్తే కొన్ని నెలలలో చుట్ట బాగుపడడానికి బదులు బూజు పడుతుంది. అక్కడ ఆ సూచనల కన్నా పొగాకు రైతు అనుభవమే ఎక్కువ ఉపకరిస్తుంది.

పొగాకు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పొడిగాలి తగిలితే వదిలివేస్తుంది. చుట్టూ ఉన్న గాలి సాపేక్ష ఆర్ద్రతతో సమతౌల్యం కుదిరేవరకు ఈ ఇచ్చిపుచ్చుకోవడం సాగుతుంది. సాధారణంగా చుట్టకు 65 నుంచి 70 శాతం ఆర్ద్రత అనుకూలమని భావిస్తారు. అంతకన్నా బాగా తగ్గితే పైఆకు పెళుసై పగులుతుంది, చుట్ట త్వరగా, ఘాటుగా కాలుతుంది. ఎక్కువైతే పొగ లాగడం కష్టమై, మధ్యలో ఆరిపోతుంది.

నూజివీడుకు ఈశాన్యాన జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం మెట్టభూములలో వర్జీనియా పొగాకు పండుతుంది. అక్కడి బ్యారన్‌లో ఆకును మొదట తక్కువ వేడిలో పసుపుపచ్చగా మార్చి, క్రమంగా సుమారు 70 డిగ్రీల సెల్సియస్ వరకు పెంచి ఈనెను ఆరబెడతారు. ఆ దశలో ఆకు ముట్టుకుంటేనే విరుగుతుంది. అప్పుడు దానిపై నీళ్లు చల్లరు. రాత్రి బ్యారన్ తలుపులు తెరిచి, చల్లగాలిలోని తేమతో ఆకు తనంత తాను పదునుకు వచ్చేదాకా ఆగుతారు. తొందరపడి తడిపిన ఆకు మండెలో వేడెక్కి నల్లబడుతుంది. రైతు ఏడాది కష్టానికి వేలంలో పలికే ధర దాంతోపాటే పడిపోతుంది. గోదావరి లంకల్లో చుట్టల కోసం పండించే లంక పొగాకుకూ ఈ ఓర్పే కావాలి.

ఎండిన చుట్టను పునరుద్ధరించడం ఈ రాత్రి గాలి పనిని ఒక పెట్టెలో చేయడమే. చుట్టపై నీళ్లు చిలకరించడం, ఆవిరి పట్టడం, తడిగుడ్డ చుట్టడం మూడూ తప్పే. పైఆకు పలుచన కనుక ముందుగా ఉబ్బుతుంది. లోపలి ఆకు ఇంకా ఎండే ఉండడంతో ఆ ఒత్తిడికి పైఆకు చీలుతుంది. కాబట్టి మూత బిగువుగా పట్టే పెట్టెలో చుట్టలను ఉంచి, మొదట 60 శాతం దగ్గర రెండు వారాలు, తర్వాత 65 వద్ద మరికొన్ని వారాలు, అవసరమైతేనే ఆపైన నిలపాలి. మధ్యమధ్య చుట్టలను పావు వంతు తిప్పాలి. ఎంతకాలం అన్నదానికి క్యాలెండర్ కన్నా త్రాసు నమ్మదగినది. వారానికోసారి తూచినప్పుడు బరువు పెరగడం ఆగితే ఆ మెట్టు పూర్తయినట్టు.

ఆర్ద్రతామాపకాన్ని ముందే సరిచూసుకోవాలి. చిన్న మూతలో ఉప్పు పోసి, అది కరిగిపోకుండా ముద్దగా అయ్యేంత నీరు కలిపి, మాపకంతోపాటు గాలి చొరని డబ్బాలో ఒక రాత్రి ఉంచితే అది 75 శాతం చూపాలి. ఎంత తేడా ఉంటే అంత సవరించి చదువుకోవాలి. ఇంటి ఉప్పుతో అయ్యే ఈ పరీక్షను ఖరీదైన పరికరాలు కొన్నవారే తరచుగా విస్మరిస్తారు.

ఉంగుటూరులో అసలు చిక్కు ఉష్ణోగ్రత. మే నెల పడమటి గాలికి చుట్ట ఎండుతుంది. అదే చుట్ట తొలకరి తరువాత ఏ ప్రయత్నం లేకుండానే తేమ పీల్చుకుంటుంది. వానకాలంలో పెట్టెకు తేమ చేర్చడం కాదు, తగ్గించడం అవసరమవుతుంది. పైగా 25 డిగ్రీలు దాటిన గదిలో పొగాకు పురుగు గుడ్లు పొదిగే ప్రమాదం హెచ్చు. లాసియోడెర్మా సెర్రికోర్నే అనే ఈ పురుగు చుట్టకు సన్నని రంధ్రాలు చేస్తుంది. పాశ్చాత్యులు సూచించే 70 శాతం కన్నా ఇక్కడ 62–65 శాతమే క్షేమం. పెట్టెను పడమటి గోడకు, పైకప్పుకు దూరంగా ఉంచాలి. పెట్టెలకు వాడే స్పానిష్ సెడార్ పేరుకు దేవదారులా వినిపించినా మన వేప కుటుంబపు చెట్టే. అది తేమ ఒడుదుడుకులను కొంత తగ్గిస్తుంది, అంతే. గది వేడిని తగ్గించలేదు.

మామిడి కాలంలో మరో జాగ్రత్త. చిన్నరసాలను గడ్డిలో మాగవేసిన గదిలో చుట్టల పెట్టె పెట్టకూడదు. కాయలు మాగేటప్పుడు తేమను వదులుతాయి. పొగాకు ఆ తేమతోపాటు వాసననూ పట్టుకుంటుంది. తేమను ఎంత పదిలంగా తిరిగి చేర్చినా, ఎండినప్పుడు ఆవిరైపోయిన సుగంధ తైలాలు మాత్రం రావు. ఏళ్ల తరబడి ఎండిన చుట్ట పదునుకు వచ్చి మెత్తబడుతుంది, సమంగా కాలుతుంది, కాని రుచి చప్పగానే ఉంటుంది. పొగాకు వల్ల ఆరోగ్యానికి కలిగే హాని మాత్రం పదునుతో తగ్గేది కాదు. పైఆకు మీద దుమ్ములా తెల్లగా కనబడి, తుడిస్తే మచ్చ మిగలకుండా పోయేది ఆకులోంచి పైకి తేలిన లవణాల పొర కావచ్చు. నూగులా లేచి, ముక్కవాసనతో, తుడిచినచోట మరక మిగిల్చేది బూజు. అటువంటి చుట్టను పునరుద్ధరించే ప్రయత్నం చేయక, మిగిలినవాటి నుంచి వెంటనే వేరు చేసి పారవేయాలి.